పాత విన్‌చెస్టర్‌కు వయసు కట్టి, వెల కట్టి

అమెరికాలో ఒకరు వాడి అమ్మే లీవర్ రైఫిల్, అంటే ట్రిగ్గర్ దగ్గరి పిడిని కిందికి లాగి మూస్తే తూటా ఎక్కే రైఫిల్, కొనబోయేవారి ముందు రెండు ప్రశ్నలుంటాయి. ఇది ఎప్పటిది? దీనికి ఎంత ఇవ్వవచ్చు? మొదటిది తెలిస్తే రెండోది దానంతటదే తేలిపోతుందని చాలామంది అనుకుంటారు. నిరుడు విన్‌చెస్టర్ కంపెనీ చేసిన మోడల్ 94 రైఫిల్ ఒకదాన్ని అడుగు నుంచి కొస దాకా పరీక్షించి కొన్నాను. ఆ రెండూ వేర్వేరు పనులని ఇప్పుడు ఎవరితోనైనా వాదించగలను. వయసు సంగతి నంబరు చెబుతుంది. విలువ మాత్రం, ఆ నంబరు పడిన తర్వాత ఆ ఇనుముకీ కర్రకీ ఎవరెవరు ఏమేం చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది.

నేను ఉండేది పెన్సిల్వేనియా పశ్చిమ భాగంలో, పిట్స్‌బర్గ్‌కు కొంత దూరంలో. మన దేశంలో, మా ఊళ్లో చిన్నప్పుడు నేను చూసిన తుపాకి ఒక్కటే, బ్యాంకు గుమ్మం దగ్గర కాపలాదారు భుజాన ఉండే డబుల్ బ్యారెల్. ఇక్కడ జింకల వేట ఊరందరి పండుగ. థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం చాలా బడులకు సెలవు ఇస్తారు. వేట మొదలయ్యే రోజు 2019 నుంచి ఆ ముందరి శనివారానికి మారినా, సోమవారం సెలవు మాత్రం చాలాచోట్ల అలాగే ఉండిపోయింది. తోటి ఉద్యోగులతో అడవికి వెళ్లి చూసి, వేట భద్రత శిక్షణ పూర్తి చేసి, లైసెన్సు తీసుకున్నాక నాకంటూ ఒక రైఫిల్ కావాలనిపించింది.

మనవాళ్ల కోసం ఒక మాట ఇక్కడే చెప్పాలి. సమాఖ్య చట్టం ప్రకారం హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు మామూలుగా తుపాకి కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు లాంటివి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఆ అడ్డంకి లేదు. ఇది తెలియకుండా స్నేహితుడి తుపాకిని నాలుగు రోజులు ఇంట్లో పెట్టుకోవడం కూడా నేరమే అవుతుంది. అందుకే బేరానికి ముందే మీ పత్రాల సంగతి చూసుకోండి.

లీవర్ రైఫిలే ఎందుకంటే, మా అడవుల్లో చూపు వంద గజాలు ఆనితే గొప్ప. ఆ దూరానికి థర్టీ-థర్టీ (.30-30) అనే కొలత తూటా చాలు. విన్‌చెస్టర్ 94 ను జాన్ మోజెస్ బ్రౌనింగ్ రూపొందించాడు. 1894లో బయటికి వచ్చింది. పొగలేని మందుతో నడిచే థర్టీ-థర్టీ తూటా మరుసటి ఏడు దానికి తోడైంది. పక్కలు చదునుగా, బరువు తక్కువగా ఉండే రైఫిల్. పొదల మధ్య చేత్తో పట్టుకుని నడవడానికి ఇంతకన్నా అనువైనది నాకు కనిపించలేదు.

దీనికంటే ముందు ఒక దుకాణంలో మార్లిన్ అనే మరో కంపెనీ చేసిన 336 రకం లీవర్ రైఫిల్ చూశాను. మార్లిన్ వయసు కట్టడం సులువు. 1973 నుంచి చాలాకాలం వాటి సీరియల్ నంబరులోని మొదటి రెండంకెలను 100 లోంచి తీసేస్తే తయారైన సంవత్సరం వచ్చేది. 24తో మొదలైతే 1976, 19తో మొదలైతే 1981. అంతకుముందు, అంటే 336 పుట్టిన 1948 నుంచి దాదాపు 1968 దాకా, నంబరు ముందుండే అక్షరాలు ఏడాదిని సూచించేవి. దానితోపాటు గొట్టం మీద రిసీవర్‌కు (లోపలి యంత్రాంగం ఉండే ఉక్కు పెట్టెకు) దగ్గరలో జేఎం అనే చిన్న ముద్ర ఉందేమో చూడాలి. అది జాన్ మార్లిన్ పేరులోని పొడి అక్షరాలు, కనెక్టికట్‌లోని పాత కర్మాగారం నాటి గుర్తు. కంపెనీ రెమింగ్టన్ చేతికి వెళ్లి, 2011లో ఆ కర్మాగారం మూతపడ్డాక తయారైన తొలి విడతల పనితనం బాగాలేదన్న పేరు పడింది. అందుకే జేఎం ముద్ర ఉన్నవాటికి గిరాకీ. 2020లో రూగర్ కంపెనీ మార్లిన్‌ను కొన్నాక కొత్తవాటి పని మళ్లీ బాగుపడింది.

నేను చూసిన మార్లిన్ 1970ల చివరిది. ముద్ర ఉంది, ధర కూడా అందుబాటులోనే ఉంది. కాని లీవర్ తిప్పుతుంటే ఒకచోట పంటికింద రాయి తగిలినట్టు ఆగింది. తూటాను పైకెత్తే క్యారియర్ అనే ముక్క అడుగున, లీవర్ అంచు ఒరిపిడికి గాడి పడి ఉంది. అది ముదిరితే తూటాలు నిల్వ ఉండే మ్యాగజీన్ గొట్టంలోని రెండో తూటా ముందుకు జారి ఇరుక్కుంటుంది, లీవర్ అటూ ఇటూ కదలదు. మరమ్మతు ఉంది గాని, ఆ ఖర్చు తగ్గించమంటే దుకాణదారు ఒప్పుకోలేదు. వదిలేశాను.

అంతలో మా వీధి చివర ఉండే ఒక పెద్దావిడ కబురు పంపింది. భర్త పోయి కొన్నేళ్లయింది. ఆయన రైఫిల్ అమ్మేయాలనుకుంటోంది. దగ్గరలోని ఒక దుకాణం నాలుగు వందల డాలర్లకు అడిగింది. మేనల్లుడేమో రెండు వేలకు పైసా తగ్గవద్దన్నాడు. "ఈ రెండింటిలో ఏది నిజం?" అని నన్ను అడిగింది ఆవిడ.

నేను ముందే చెప్పేశాను. "నేను కొనాలనుకుంటున్నవాణ్ని. కొనేవాడు చెప్పే వెల ఒక్కటే నమ్మకండి. నేను చూసినవన్నీ మీకు చూపిస్తాను, కాగితం మీద రాసిస్తాను. ఆ తర్వాత మరొకరికి చూపించుకుని నిర్ణయించుకోండి." అమ్మేవారికి వస్తువు గురించి తెలియనప్పుడు, తెలిసినవాడు నోరు మూసుకుని తక్కువకు కొట్టేయడాన్ని ఇక్కడ చాలామంది వేటలాగే చెప్పుకుంటారు. నాకు అది రుచించదు. ఆవిడ మా పిల్లలకు హాలోవీన్ మిఠాయిలు పెట్టిన మనిషి.

రైఫిల్ ఒక తోలు ఒరలో, అల్మారా మూలన నిలబెట్టి ఉంది. "మా వారు ఎప్పుడూ ఖాళీ చేసే పెట్టేవారు" అంది. అయినా గొట్టం మొనను ఎవరూ లేని వైపు తిప్పి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి, లీవర్ కిందికి లాగాను. ఏమీ రాలేదు. మూసి మళ్లీ లాగాను. పచ్చబారిన ఇత్తడి తూటా ఒకటి పైకి ఎగిరి తివాచీ మీద పడింది. దాని వెనకే ఇంకొకటి. రెండూ వెండి రంగు మొన ఉన్న పాతకాలపు తూటాలు. ఆవిడ ముఖం పాలిపోయింది. ఇక ఏమీ రావడం లేదని తేలాక, పక్కనున్న తూటాలు నింపే రేకును వేలితో లోపలికి నొక్కి, మ్యాగజీన్‌లోని స్ప్రింగు ముక్క వేలికి తగిలేదాకా చూశాను. లీవర్ రైఫిల్‌లో గొట్టం కింద మరో గొట్టం ఉంటుంది. పేలబోయే తూటా కూర్చునే గది ఖాళీగా కనిపించినంత మాత్రాన తుపాకి ఖాళీ అయినట్టు కాదు. ఈ పని అయ్యేదాకా వయసు గురించీ ధర గురించీ మాటే ఎత్తకూడదు.

తర్వాత నంబరు. మోడల్ 94 సీరియల్ నంబరు రిసీవర్ అడుగున, ముందు భాగంలో ఉంటుంది. ఈ రైఫిల్‌ను ఒంటి చేత్తో మోసుకెళ్లేటప్పుడు బరువు సరితూగే చోటు కూడా సరిగ్గా అదే. కాబట్టి చెయ్యి ఆనీ ఆనీ, చెమట తగిలీ తగిలీ తుప్పు పట్టకుండా ఉక్కుకు వేసే నీలి పూత అక్కడ మొత్తం పోయి ఉక్కు తెల్లగా బయటపడుతుంది, అంకెలు కూడా అరుగుతాయి. ఈ రైఫిల్‌కూ అంతే. మొదటి రెండంకెలు 17 అని స్పష్టంగా ఉన్నాయి. మూడోది 3 అనిపించింది, మరో కోణంలో 8 అనిపించింది. గదిలో దీపం ఆర్పి, టార్చిని పక్క నుంచి ఏటవాలుగా పట్టి, తెల్లటి సుద్దపొడి అద్ది తుడిస్తే గాట్లలో నిలిచిన పొడి అసలు ఆకారం చూపించింది. అది 3.

ఏడంకెల నంబరు, పదిహేడు లక్షల ముప్ఫై వేల పైచిలుకు. ఏడాది తెలుసుకోవడానికి ఇంటర్నెట్‌లో జాబితాలు చాలా ఉన్నాయి గాని, ఒకదానికీ మరొకదానికీ ఏడాది అటూ ఇటూ తేడా ఉంటుంది. కొన్నింటిలో ఏడాది మొదటి నంబరు ఇస్తారు, కొన్నింటిలో చివరిది. అందుకే నేను ముందు గట్టి గుర్తులు పెట్టుకున్నాను. కంపెనీ తన 15,00,000వ మోడల్ 94 ను 1948లో అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్‌కు, 20,00,000వదాన్ని 1953లో ఐసెన్‌హోవర్‌కు బహూకరించింది. పదిహేడు లక్షలంటే ఆ రెండింటి నడుమ, సుమారు 1950. జాబితాలు కూడా ఆ చుట్టుపక్కలే చూపించాయి. ఒకటి గుర్తుంచుకోవాలి: నంబరు రిసీవర్ మీద పడుతుంది. నంబరు వేసిన రిసీవర్లు రాశుల్లో పడి ఉండి, ముందూ వెనకా అయి, రైఫిల్‌గా తయారై బయటికి వెళ్లేవి. కాబట్టి ఎవరైనా నంబరు చూసి ఫలానా నెలలో తయారైందని చెబితే నేను నమ్మను.

మేనల్లుడి రెండు వేల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది. గొట్టం మీద ఉన్న మోడల్ 94 అన్న అక్షరాలు చూసి, ఇది 1894లో తయారైందనుకున్నాడు. 94 అన్నది నమూనా పుట్టిన ఏడు. అదే నమూనాను విన్‌చెస్టర్ వారి న్యూ హేవెన్ కర్మాగారం 2006లో మూతపడేదాకా చేస్తూనే వచ్చారు. నిజంగా 1898కి ముందో, ఆ ఏడాదిలోనో తయారైనదైతే సమాఖ్య చట్టం దాన్ని పురాతన వస్తువుగా చూస్తుంది. దాని ధర కథ వేరు, కొనే విధానమూ వేరు. వయోమింగ్ రాష్ట్రం కోడీ పట్టణంలోని తుపాకుల మ్యూజియంలో విన్‌చెస్టర్ పాత ఖాతా పుస్తకాలు భద్రంగా ఉన్నాయి. తొలినాళ్ల నంబర్లకైతే ఆ రైఫిల్ ఏ గొట్టంతో, ఏ తేదీన గిడ్డంగి దాటిందో వాళ్లు ఉత్తరం రాసిస్తారు. 1950 నాటి నంబర్లకు ఆ సదుపాయం లేదు.

ఏడాది విషయంలో ధరను నిజంగా మార్చే గీత ఒకటుంది. అది 1964. ఖర్చు తగ్గించుకోవడానికి ఆ ఏడు విన్‌చెస్టర్ తన తయారీ పద్ధతులు మార్చింది. తూటాను పైకెత్తే ముక్కను అంతకుముందు గట్టి ఉక్కు నుంచి మలిచేవారు, దాని బదులు మడత పెట్టిన రేకు ముక్క వచ్చింది. గట్టి పిన్నుల బదులు చుట్ట చుట్టిన బోలు పిన్నులు వచ్చాయి. రిసీవర్ లోహం కూడా మారింది, ఆ కొత్త లోహానికి పాత పద్ధతిలో నీలి పూత పట్టదు. నంబర్లు 27,00,000 నుంచి కొత్తగా మొదలుపెట్టారు. అప్పటి నుంచి కొనేవాళ్ల నోట ప్రీ-64 అన్న మాట స్థిరపడిపోయింది. నంబరు కనబడకపోయినా ఇది పోల్చుకోవచ్చు. లీవర్ కిందికి దించి తూటా ఎక్కే ముక్కను చూస్తే చాలు. మన రైఫిల్‌లో అది బరువైన, అంచులు తీరిన ఉక్కు ముక్క. అయితే 1964 తర్వాతివన్నీ పనికిరానివని అనడం అన్యాయం. చాలావాటితో ఇప్పటికీ జింకలు కొడుతున్నారు, ధర కూడా తక్కువ. వేటకే కావాలంటే నేను వాటినీ చూడమంటాను. 1980ల తొలి ఏళ్లలో ఖాళీ తొడుగు పక్కకు ఎగిరే ఏర్పాటు వచ్చింది, 1992లో అడ్డంగా నొక్కే సేఫ్టీ బొత్తాం వచ్చింది. ఈ రెండూ కూడా వయసు చెప్పే గుర్తులే.

ఇక ఒళ్లు చూడటం. నేను ఎక్కువ సేపు గడిపింది ఇక్కడే. విలువ కట్టే పుస్తకాలు రైఫిల్ మీద అసలు పూత ఎంత శాతం మిగిలిందన్న లెక్కతో నడుస్తాయి. కాబట్టి మొదట తేల్చాల్సింది, ఉన్న పూత అసలుదేనా అన్నది. మళ్లీ పూత వేయించిన తుపాకి దూరం నుంచి కొత్తగా మెరుస్తుంది, దగ్గరికి వెళ్తే దొరికిపోతుంది. పూతకు ముందు రాపిడి చక్రం మీద పట్టి ఉంటారు గనుక పదునుగా ఉండాల్సిన అంచులు గుండ్రంగా అవుతాయి. స్క్రూ రంధ్రాల చుట్టూ చిన్న పళ్లెంలా గుంట పడుతుంది. అక్షరాల గాట్లు పలచబడతాయి. తుప్పు తిన్న గుంటల్లో కూడా నీలి రంగు కనిపిస్తుంది. ఇక్కడ రిసీవర్ అంచులు వేలికి గుచ్చుకునేంత పదునుగా ఉన్నాయి. గొట్టం మీద అండాకారపు గీత లోపలుండే డబ్ల్యూపీ అనే కంపెనీ పరీక్ష ముద్ర నిక్కచ్చిగా ఉంది. అడుగున తెల్లబడింది, పక్కల్లో బూడిదరంగు తేలింది, గొట్టం మీద పూత బాగానే ఉంది. ఇది మోసి మోసి అరిగిన అరుగుదల, నిజాయితీగా అరిగిన వస్తువు.

ఒక లోపం కనిపించింది. ఎడమవైపు గొట్టం పొడవునా గోధుమరంగు చుక్కలు. దానికి కారణం ఆ తోలు ఒర. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది, తోలు పదును చేసేటప్పుడు వాడే ద్రవ్యాలు ఉక్కును తింటాయి. ఏళ్ల తరబడి ఒర ఆనిన వైపే ఆ చుక్కలు పడ్డాయి. పలచటి నూనె రాసి, మెత్తటి గుడ్డతో రుద్దితే చాలావరకు పైపైనే ఉన్నాయని తేలింది. రెండు మూడుచోట్ల మాత్రం గోరు ఆగేంత లోతు ఉంది. ఆవిడకు చూపించి, గోటితో తాకించి, కాగితం మీద రాశాను.

స్క్రూల తలలు చూస్తే లోపలికి ఎవరెవరు చేతులు పెట్టారో తెలుస్తుంది. సరిపడని స్క్రూడ్రైవర్‌తో విప్పితే గాడి అంచులు చిరిగి లేస్తాయి. ఈ రైఫిల్‌లో ఒక్క స్క్రూకే అలాంటి గాయం ఉంది, మిగతావి కర్మాగారం నుంచి వచ్చినట్టే ఉన్నాయి. తర్వాత రంధ్రాలు. పాత మోడల్ 94 లో ఖాళీ తొడుగు నేరుగా పైకి ఎగురుతుంది గనుక పైన టెలిస్కోపు పెట్టడానికి వీలుండదు. అందుకని 1950ల్లో, 60ల్లో చాలామంది ఎడమ పక్కన డ్రిల్లు చేయించి బిగించుకున్నారు. సేకరించేవాళ్ల దగ్గర అలాంటి రైఫిల్ ధర సగానికి సగం పడిపోవడం నేను చూశాను. రంధ్రాన్ని మరతో పూడ్చినా చుట్టూ రంగు తేడా ఉంటుంది. ఇక్కడ రిసీవర్ మీద ఏ రంధ్రమూ లేదు. కర్రకు మాత్రం అడుగున పట్టీ తగిలించుకునే కొక్కెం కోసం ఒక రంధ్రం చేశారు. భుజానికి ఆనే చివర గళ్ల గీతల ఉక్కు పలక అసలుదే, రబ్బరు దిండు కోసం కర్రను కోయలేదు. కర్రా ఇనుమూ కలిసేచోట కర్ర వెంట్రుక మందాన పైకి నిలిచి ఉంది. కర్రను ఎవరైనా గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వార్నిష్ వేసి ఉంటే అది ఇనుముకన్నా కిందికి దిగిపోయి ఉండేది. గురి చూసే ముందు సైటు మీద ఉండాల్సిన చిన్న ఉక్కు టోపీ లేదు. అడవిలో జారిపోవడం మామూలే.

గొట్టం లోపలికి చూస్తే మొదట చీకటే. పాతవాటిలో ఇది కొనేవాణ్ని బెదరగొట్టే ఘట్టం. ఆవిడ అనుమతితో శుభ్రం చేశాను. తడి గుడ్డముక్కలు నల్లగా, ఆ తర్వాత రాగి మూలాన పచ్చగా వచ్చాయి. అవి తెల్లగా వచ్చేసరికి లోపల మెలికలు తిరిగే గాడులు టార్చి వెలుగులో అంచులతో సహా కనిపించాయి. మధ్యలో ఒకచోట కొంచెం మసకదనం ఉంది, గుంటలు లేవు. మోడల్ 94 ను వెనక నుంచి శుభ్రం చేయాలంటే లోపలి భాగాలు విప్పాలి. అందుకే చాలామంది మొన వైపు నుంచే కడ్డీ దూరుస్తారు, దాంతో మొన దగ్గరి గాడులు అరుగుతాయి. మందు లేని డమ్మీ తూటాను తలకిందులుగా మొనలో పెట్టి చూశాను. గుండు మొత్తం లోపలికి దిగిపోతే అరిగిపోయినట్టు లెక్క. ఇక్కడ గుండుకూ తొడుగు మెడకూ మధ్య కాస్త ఎడం మిగిలింది. ఇది మోటు పరీక్షే, గురి ఎలా ఉంటుందో పేల్చి చూస్తేనే తేలుతుంది. అయినా అమ్మేవారి ఇంట్లో చేయగలిగింది ఇంతే.

పనితీరు పరీక్షకు డమ్మీ తూటాలు నాలుగు నింపి లీవర్ నెమ్మదిగా ఒకసారి, వేగంగా ఒకసారి తిప్పాను. ఎక్కడా తడబడలేదు. తూటాను పేల్చే సుత్తి లాంటి ముక్కను, అంటే హ్యామర్‌ను, పూర్తిగా వెనక్కి లాగి బొటనవేలితో ముందుకు నెట్టి చూశాను, జారలేదు. దాన్ని సగం దూరం లాగితే ఆగే సగం గాటు దగ్గర నిలిపి ట్రిగ్గర్ నొక్కితే కదలలేదు. పాత మోడల్ 94 కు ఈ సగం గాటే రక్షణ, వేరే సేఫ్టీ బొత్తాం ఉండదు, కాబట్టి ఈ పరీక్షలో తప్పిన రైఫిల్‌ను ఉచితంగా ఇచ్చినా తీసుకోకూడదు. లీవర్‌ను కర్రకు గట్టిగా అదిమితే తప్ప ట్రిగ్గర్ పని చేయకూడదు, అదీ సరిగ్గా ఉంది. తూటా గదిని వెనక నుంచి మూసే బోల్టు వెనక నిలువుగా లేచే తాళపు దిమ్మ చివరి దాకా పైకి వచ్చి ఆనుతోంది.

ఇంతవరకు కళ్లూ చేతులూ చాలు. తూటా గదిలో ఎంత ఖాళీతో కూర్చుంటుందో, అంటే హెడ్‌స్పేస్ ఎంతో, కొలవడానికి మాత్రం గేజీలు కావాలి. ఆవిడే రైఫిల్‌ను తుపాకులు బాగుచేసే ఒక గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లింది, కొలిపించే రుసుము నేనిచ్చాను. థర్టీ-థర్టీ తొడుగుకు అడుగున అంచు ఉంటుంది, ఆ అంచు మందాన్ని బట్టే కొలత. హద్దుల్లోనే ఉందని రాసిచ్చాడు. నేను రాసిచ్చిన కాగితాన్ని కూడా ఆయనకే చూపించమన్నాను. పూత శాతం నేను వేసినదానికన్నా ఆయన కొంచెం ఎక్కువే వేశాడు. ఆవిడ ముందు ఆయన మాటే నిలబెట్టాను.

ధర విషయంలో నాకు ఒకే నియమం ఉంది. అడిగిన ధర కాదు, అమ్ముడుపోయిన ధర చూడాలి. వేలం సైట్లలో రెండు వేలు, మూడు వేలు పెట్టి నెలల తరబడి ఎవరూ ముట్టని రైఫిళ్లు ఉంటాయి. మేనల్లుడు చూసినవి అవే. వేలం ముగిసి చేతులు మారినవాటిని మాత్రమే వడపోసి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాతివి, 1964కు ముందువి, థర్టీ-థర్టీవి, మామూలు కార్బైన్ (పొట్టి రైఫిల్) పొడవువి విడిగా తీసి, ఫోటోలు ఒక్కొక్కటీ పెద్దవి చేసి చూశాను. మన రైఫిల్‌కు దగ్గరగా ఉన్నవి నేను చూసినంతలో ఏడు వందల నుంచి వెయ్యి డాలర్ల మధ్య పోయాయి. పూత బాగా మిగిలి, రంధ్రాలు లేనివి వెయ్యి దాటాయి. పక్కన టెలిస్కోపు రంధ్రాలున్నవి ఐదు వందల దగ్గర ఆగాయి.

ఈ వెతుకులాటలో స్మారక రైఫిళ్లు కూడా బోలెడు తగిలాయి. బంగారు రంగు రిసీవర్, పక్కన పతకం. ఎంత అరుదైనవో అనిపిస్తాయి. కాని 1966లో కంపెనీ నూరేళ్ల గుర్తుగా వచ్చిన శతాబ్ది రైఫిల్ ఒక్కటే లక్షకు పైగా తయారైంది. పెట్టెతో, కాగితాలతో, ఒక్క తూటా కూడా పేల్చకుండా ఉంటేనే వాటికి ధర. ఒకసారి వేటకు తీసుకెళ్తే అది మామూలు రైఫిలే. సేకరించేవాళ్ల కోసమే చేసిన వస్తువు కన్నా ఎవరో బతుకంతా వాడిన వస్తువు మీదే నాకు మక్కువ.

ఆవిడ వంటగది బల్ల మీద కాగితం పరిచి మొదలుపెట్టాను. ఇలాంటిది మంచి స్థితిలో ఉంటే తొమ్మిది వందల యాభై. కొక్కెం రంధ్రానికి కొంత, ఎడమవైపు చుక్కలకు కొంత, లేని సైటు టోపీకి కొంత తీసేశాను. గొట్టం లోపల శుభ్రంగా ఉన్నందుకు, రిసీవర్‌కు డ్రిల్లు పడనందుకు కొంత కలిపాను. ఎనిమిది వందల యాభై దగ్గర తేలింది. దుకాణం నాలుగు వందలకు అడగడంలో మోసమేమీ లేదని కూడా చెప్పాను. అద్దె, జీతాలు, ఎన్నాళ్లకు అమ్ముడవుతుందో తెలియని సరుకు, ఇవన్నీ వాళ్ల లెక్కలో ఉంటాయి. కాని ఆవిడకు తొందర లేదు, కాబట్టి ఆ నష్టం ఆవిడ భరించాల్సిన పనీ లేదు.

ఆవిడ కాసేపు కాగితం చూసి, "ఇది మీదే అయితే ఎంతకు అమ్ముతారు?" అని అడిగింది. అదే అసలైన పరీక్ష అనిపించింది. "తొమ్మిది వందలు అడిగి, ఎనిమిది యాభైకి ఇస్తాను" అన్నాను. "మరి నేను కూడా తొమ్మిది వందలు అడుగుతున్నాను" అంది. ఎనిమిది వందల డెబ్బై ఐదుకు కుదిరింది.

పెన్సిల్వేనియాలో ఒకే రాష్ట్రంలో ఉండే ఇద్దరి మధ్య పొడవు తుపాకి అమ్మకానికి లైసెన్సు ఉన్న వ్యాపారి తప్పనిసరి కాదు. పిస్తోళ్లకైతే తప్పనిసరి. అయినా ఇద్దరం వ్యాపారి దగ్గరికే వెళ్లాం. తుపాకి నా పేరుకు మారినట్టు ఆవిడ దగ్గర రుజువు ఉండాలి. తుపాకి తీసుకునేవారు వ్యాపారి దగ్గర నింపే 4473 నంబరు సమాఖ్య ఫారంలో గ్రీన్ కార్డు మీద ఉండే గుర్తింపు సంఖ్య కూడా రాయాలి, కార్డు వెంట తీసుకెళ్లకపోతే పని జరగదు. రాష్ట్ర పోలీసుల తనిఖీ అయ్యాక రైఫిల్ చేతికిచ్చారు. సీరియల్ నంబరు రాసేటప్పుడు అక్కడి ఉద్యోగికీ 3, 8 అనుమానం వచ్చింది. జేబులోంచి సుద్దముక్క తీసిచ్చాను.

తూటాల ఎంపికలో ఒక జాగ్రత్త ఉంది. మ్యాగజీన్ గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి, ముందుదాని అడుగుకు వెనకదాని మొన ఆని ఉంటాయి. గట్టి సూదిమొన గుండు అయితే అదురుకు ముందుదాని ప్రైమర్‌ను (దెబ్బ తగిలితే మందును అంటించే అడుగు బిళ్లను) పొడిచే ప్రమాదం ఉంది. అందుకే వీటికి చదును మొన గుండ్లు వాడతారు. మెత్తటి రబ్బరు లాంటి మొన ఉన్నవి ఈమధ్య వచ్చాయి, అవీ పనికొస్తాయి. నేను 170 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) చదును మొనవి తీసుకున్నాను. యాభై గజాల దగ్గర, ఆవిడ భర్త బిగించి ఉంచిన సైట్లను ఏమాత్రం కదపకుండా కాలిస్తే, గుండ్లన్నీ అరచేతి వెడల్పులో పడ్డాయి. మా అడవికి అది సరిపోతుంది.

ఫోటోలు చూసిన ఒక తెలుగు తమ్ముడు, "అన్నా, అడుగున అంతా తెల్లబడిపోయింది కదా, మళ్లీ పూత వేయించకూడదా?" అని అడిగాడు. వేయించను. వేయిస్తే ఇచ్చిన ధరలో సగం ఆ రోజే పోతుంది. అంతకన్నా ముఖ్యం, ఆ తెల్లబడిన చోట డెబ్బై ఏళ్లకు పైగా ఒక మనిషి చెయ్యో, ఇద్దరి చేతులో ఆనాయి. దాన్ని చక్రం మీద అరగదీయించే హక్కు నాకుందని అనుకోను. తోలు ఒర ఆవిడే ఉంచుకుంది. రైఫిల్ తాళం ఉన్న ఇనుప బీరువాలో, పలచటి నూనె పూతతో, దేనికీ ఆనకుండా నిలబడి ఉంది. చిరిగిన స్క్రూను మార్చలేదు. ముందు సైటు టోపీ ఒక్కటి మాత్రం ఆ కాలానిదే వెతుకుతున్నాను. కొత్తగా చేసిన నకళ్లు తక్కువకే దొరుకుతాయి గాని, వాటి నలుపు ఈ గొట్టం రంగుతో కలవడం లేదు.